ఆఫ్‌సెట్ 35 తెచ్చిన తంటా

నా టయోటా 86కి కారుతో వచ్చిన చక్రాలు 17 అంగుళాలవి, 7 వెడల్పు, ఆఫ్‌సెట్ 48 (చక్రం కారుకి బిగిసే తలం, చక్రం మధ్య గీత నుంచి బయటివైపుకి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ఆ లెక్క; అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది). నిండుగా కనిపిస్తుందని 8 వెడల్పు, 35 ఆఫ్‌సెట్‌వి వేశాను. పెరిగిన అంగుళంలో సగం 12.7, ఆఫ్‌సెట్ తేడా 13, కలిపి బయటి అంచు దాదాపు 26 మిల్లీమీటర్లు బయటికొచ్చింది. గుంటలో పడితే టైరు ఫెండర్‌కి (చక్రం పైనున్న బాడీ రేకుకి) రాసుకునేది. అసలు చిరాకు స్టీరింగ్‌తో. స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది నేలను తాకే చోటుకీ, టైరు మధ్యకీ ఉన్న దూరం) మారడంతో రోడ్డు మీద చాళ్లు ఎటుంటే కారు అటే లాగేది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, డబ్బు దండగ.

చివరికి అదే వెడల్పులో 45 ఆఫ్‌సెట్‌వి తెచ్చాను. ఇప్పుడు బయటికి 16 మాత్రమే. లోపలి అంచు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే సస్పెన్షన్ భాగం) వైపు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి బిగించాక వేలు పెట్టి చూశాను, సందు ఉంది. రాపిడి పోయింది, లాగడమూ తగ్గింది. పాతవి ఇంకా అమ్ముడుపోలేదు, మా ఆవిడ రోజూ గుర్తు చేస్తోంది.