పరాయి కథని మన మట్టిలో నాటడం, 3వ పాఠం: సీన్ వెనకున్న ఒత్తిడి

పోయిన పాఠంలో మీకు నచ్చిన విదేశీ కథని పది లైన్లలో రాసుకోమన్నాను కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఒక్కో లైన్ పక్కన చిన్న గడి గీసి అందులో ఒక్కటే రాయండి: ఈ మనిషి ఈ పని చేసేలా నెట్టింది ఏంటి? డబ్బా, పరువా, చట్టమా, యుద్ధమా? బాలీవుడ్‌లో చాలా రీమేకులు దెబ్బతినేది ఈ గడి దగ్గరే, సీన్ తెచ్చుకుంటారు, దాని వెనకున్న ఒత్తిడిని మాత్రం అక్కడే వదిలేస్తారు.

ముందు కుదిరింది చూద్దాం. విశాల్ భరద్వాజ్ 2006లో తీసిన ఓంకార, షేక్‌స్పియర్ ఒథెల్లో నుంచి వచ్చింది. వెనిస్‌లో సేనాపతి అయిన నల్లజాతి ఒథెల్లోని అందరూ వాడుకుంటారు గానీ రంగు వల్ల పరాయివాడిగానే చూస్తారు. ఉత్తరప్రదేశ్‌లో ఆ పని ఏది చేస్తుంది? కులం. రాజకీయ నాయకుడి కోసం పనిచేసే రౌడీ ఓంకార, అతని తల్లిది తక్కువ అనుకునే కులం, అందుకే అతను ఎన్నికలకి కావాలి, అల్లుడిగా మాత్రం అక్కర్లేదు. ఓంకారలో అనుమానం నాటే అనుచరుడు లంగడా త్యాగి కడుపుమంటకి కూడా కారణం అక్కడిదే, తను ఏళ్లుగా వెంట తిరిగితే పదవి కాలేజీ చదువున్న కేసుకి పోయింది. నాటకంలో అనుమానానికి సాక్ష్యమయ్యే చేతిరుమాలు ఇక్కడ వడ్డాణం అయింది, అయితే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇదొక్కటే చూసి ఆహా అనేసి ఆగిపోతారు, నాకు మాత్రం అంతకంటే గొప్ప మార్పు పెళ్లిదే అనిపిస్తుంది. నాటకంలో పెళ్లి మొదట్లోనే అయిపోతుంది, సినిమాలో చివరిదాకా జరగదు. అంటే ఓంకార ప్రేమించిన డాలీ ఇల్లు వదిలి వచ్చేసి, తాళి లేకుండా ఓంకార ఇంట్లో ఉంటోంది. కన్నతండ్రినే మోసం చేసింది నీకేం నమ్మకం అని వాళ్ల నాన్న అన్న మాట నాటకంలోనూ ఉంది, కానీ ఇక్కడ ఆ మాటకి ఊరంతా వంత పాడుతుంది కాబట్టి అనుమానం ఇంకా లోతుకి దిగుతుంది.

ఇప్పుడు 2022లో వచ్చిన లాల్ సింగ్ చడ్డా, ఫారెస్ట్ గంప్ అనే అమెరికా సినిమాకి రీమేక్. ఆమిర్ ఖాన్ టీమ్ ఎంతో ప్రేమగా చేసిన సినిమా అది, తేలిగ్గా తీసిపారేయొద్దు. కానీ గడి నింపి చూడండి. ఫారెస్ట్ గంప్‌లో తెలివి తక్కువ కుర్రాడు వియత్నాం యుద్ధానికి వెళ్తే నమ్ముతాం, ఎందుకంటే 1966లో అమెరికా రక్షణశాఖ పరీక్షలో తక్కువ మార్కులొచ్చినవాళ్లని కూడా తీసుకునే పథకం నిజంగానే పెట్టింది, మూడు లక్షల మందికి పైగా అలా చేరారు. మన దగ్గర సైన్యంలో చేరాలంటే వేలమంది లైన్లో ఉంటారు, పరుగు, మెడికల్, రాతపరీక్ష అన్నీ దాటాలి. లాల్ వంశంలో సైనికులున్నారన్న కారణం ఉంది గానీ అది అతనికి ఎందుకు ఇష్టమో చెప్తుంది, సైన్యం అతన్ని ఎందుకు తీసుకుందో చెప్పదు.

లాల్‌కి సైన్యంలో దొరికిన స్నేహితుడు, నాగచైతన్య చేసిన బాలరాజు సంగతి మనకి దగ్గరిది. ఒరిజినల్‌లో అదే స్నేహితుడు బబ్బాకి రొయ్యల పిచ్చి, అతను అలబామా తీరంలో రొయ్యలు పట్టే ఊరివాడు మరి. బాలరాజు కూడా ఆంధ్రావాడే కానీ అతని కల చడ్డీ బనియన్ల బిజినెస్. నవ్వు వస్తుంది, నిజమే. కానీ రొయ్యల చెరువులతో బతికే భీమవరం వైపు ఊళ్లు మనకి ఉండగా రొయ్యని తీసేయడం ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మార్చాలి కాబట్టి మార్చడం కూడా తప్పే, ఒత్తిడి రెండు చోట్లా ఒకటే అయితే ఆ లైన్ ముట్టుకోకండి.

ఈ వారం పని: భరద్వాజ్‌దే మక్బూల్ (2003) చూడండి, మక్బెత్ ముంబై మాఫియాలోకి వచ్చిన కథ. మంత్రగత్తెల బదులు జాతకం చెప్పే ఇద్దరు పోలీసులున్నారు. వాళ్ల పక్కన గడిలో ఏం రాస్తారు? జోస్యం అని రాసి వదిలేయొద్దు, జోస్యం చెప్పినవాళ్లే అది నిజమయ్యేలా ఎక్కడెక్కడ చెయ్యి వేశారో ఒక్కో సీన్ ఆపి రాసుకోండి. వచ్చే పాఠానికి హామ్లెట్ నుంచి భరద్వాజ్ తీసిన హైదర్ (2014) కావాలి, హామ్లెట్ ముగింపు కశ్మీర్‌లో ఎందుకు మారిందో చూద్దాం.