మెట్ల కింద డ్రమ్స్, పైన రెండు మైకులు: జిమ్మీ పేజ్ బాటలో రికార్డింగ్

బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజే ఆ బ్యాండ్ ఆల్బమ్‌లకు నిర్మాత కూడా. 1960లలో లండన్ స్టూడియోల్లో సెషన్ గిటారిస్టుగా పనిచేస్తూ, మైకు జరిపితే శబ్దం ఎలా మారుతుందో దగ్గరుండి గమనించాడు. డ్రమ్ముకి, మైకుకి మధ్య దూరం ఉంటేనే శబ్దానికి లోతు వస్తుందన్నది అతని పట్టు. 1971లో వచ్చిన నాలుగో ఆల్బమ్ కోసం హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం హాల్లో బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్ కిట్ వేశారు. ఆల్బమ్ చివరి పాటకి ఇంజనీర్ ఆండీ జాన్స్ మెట్ల పైనుంచి బేయర్ ఎం160 రిబ్బన్ మైకులు (పలచని లోహపు పట్టీతో శబ్దాన్ని పట్టేవి) రెండు దించాడు. కిక్‌కి (కాలితో వాయించే పెద్ద డ్రమ్ముకి) వేరే మైకే లేదు.

ఇలా చేయాలంటే ముందు గది దొరకాలి. ఎత్తయిన కప్పు, గట్టి గోడలు, తెరిచి ఉన్న మెట్లు కావాలి. డూప్లెక్స్ ఇంటి హాలు సరిపోతుంది. కప్పు తొమ్మిది, పది అడుగులే ఉంటే ఈ పద్ధతి జోలికి వెళ్లకండి. కప్పుకి కొట్టుకుని వెంటనే తిరిగొచ్చే శబ్దం వల్ల అంతా డబ్బాలో వాయించినట్టు ఉంటుంది.

కిక్ డ్రమ్‌కి రెండు వైపులా స్కిన్ ఉంచండి, రంధ్రం వద్దు. లోపల దిండ్లు కుక్కితే ఆ మోత పైదాకా చేరదు. డ్రమ్మర్ సింబల్స్ (లోహపు పళ్లేలు) మెల్లగా, కిక్, స్నేర్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్) గట్టిగా కొట్టాలి. ఇక్కడ మిక్సింగ్ సగం అతని చేతుల్లోనే అయిపోతుంది. సింబల్స్ మోగిపోతే తర్వాత ఏ ఈక్యూ (హెచ్చు, తగ్గు స్థాయిల సర్దుబాటు) కాపాడలేదు. స్టూడియోల్లో మామూలుగా వాడే కండెన్సర్ మైకు కన్నా రిబ్బన్ మైకు నయం, పైస్థాయి గరుకు తగ్గుతుంది. రిబ్బన్ పెడితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకి వెళ్లే కరెంటు) ఆపేయండి, కేబుల్‌లో లోపముంటే రిబ్బన్ పాడవుతుంది.

మైకులు స్నేర్‌కి పైన సుమారు 3 మీటర్ల ఎత్తులో పెట్టండి. స్నేర్ మధ్య నుంచి రెండింటికీ దూరం సమానంగా ఉండాలి. కంటితో అంచనా వేయొద్దు, దారం పట్టి కొలవండి. ఒకటి 34 సెంటీమీటర్లు దగ్గరైతే శబ్దం దానికి ఒక మిల్లీసెకను ముందు చేరుతుంది. రెండూ మోనోలో (ఒకే ట్రాక్‌గా) కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర కోత పడి స్నేర్ పలచబడుతుంది.

కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచే పరికరం) నిష్పత్తి 4:1 నుంచి మొదలుపెట్టండి. అటాక్ (అణచడం మొదలవడానికి పట్టే సమయం) 20-30 మిల్లీసెకన్లు ఉంటే దెబ్బ నలగదు. రిలీజ్ (అణచడం వదలడానికి పట్టే సమయం) చెవితోనే సరిచూడాలి: తర్వాతి దెబ్బ పడేలోపు మీటర్ వెనక్కి రావాలి. రిలీజ్ మరీ తొందరైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య సింబల్స్ ఉబ్బి వస్తాయి.

హెడ్లీ గ్రేంజ్ శబ్దంలో బిన్సన్ ఎకో యంత్రం పాత్ర కూడా ఉంది. మీ దగ్గర ఏ డిలే (శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించే పరికరం) ఉన్నా చాలు, పాట వేగానికి కట్టండి. నిమిషానికి 72 బీట్లయితే అర బీటు 417 మిల్లీసెకన్లు. ఎకో వినీ వినిపించనంత చాలు.

ధైర్యం చాలక కిక్‌కి దగ్గర మైకు కూడా పెడితే, ఆ ట్రాక్‌ను 9 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి చూడండి. 3 మీటర్లు ఎక్కడానికి శబ్దానికి పట్టే సమయం అది. వేగంగా సాగే పాటలకి మాత్రం ఈ హాలు వద్దు, ఒక దెబ్బ మోత ఆగకముందే ఇంకొకటి వచ్చి పడుతుంది.