హబ్బర్డ్ మోడల్ కోడ్ రాస్తున్నారా? ముందు రెండు సైట్లతో సరిచూసుకోండి

వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకి హబ్బర్డ్ మోడల్ తీసుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లు ఒక సైటు (పరమాణు స్థానం) నుంచి పక్కదానికి దూకడం, ఒకే సైట్లో రెండు చేరితే ఒకదాన్నొకటి నెట్టుకోవడం, ఈ రెండిటినే లెక్కలోకి తీసుకునే సరళమైన నమూనా ఇది. పెద్ద లాటిస్ (సైట్ల అల్లిక) జోలికి వెళ్లేముందు రెండు సైట్లు, రెండు ఎలక్ట్రాన్లు పెట్టి కోడ్ నడపండి. ఒకటి అప్‌ స్పిన్, ఒకటి డౌన్ అయితే ఉండేది నాలుగే స్థితులు. మ్యాట్రిక్స్ కాగితం మీదే రాసేయొచ్చు.

హాపింగ్ (పక్క సైటుకి దూకే బలం) టీ = 1, ఒకే సైట్లో వికర్షణ యూ = 8 అయితే కనిష్ఠ శక్తి −0.472 రావాలి. −1.657 వచ్చిందా? పీరియాడిక్ బౌండరీ (చివరి సైటుని మళ్లీ మొదటిదానికి కలపడం) పెట్టి, ఉన్న ఒక్క బంధాన్నీ రెండుసార్లు లెక్కేశారన్నమాట. యూ = 0 పెట్టినప్పుడు −2 బదులు −1.414 వస్తే ఎక్కడో ఫెర్మియాన్ మైనస్ గుర్తు (ఎలక్ట్రాన్ల క్రమం తారుమారైతే వచ్చేది) జారిపోయింది. ఈ రెండోది మరీ మొండిది. పెద్ద లాటిస్‌లో అయితే మద్దిలపాలెం రూమ్‌లో రాత్రంతా కూర్చున్నా దొరకదు.

అయస్కాంతత్వం కూడా ఇక్కడే కనిపిస్తుంది, అదే నాకు బాగా ఇష్టం. ట్రిప్లెట్ (మొత్తం స్పిన్ 1 ఉన్న స్థితి) శక్తి సున్నా, సింగ్లెట్ (మొత్తం స్పిన్ 0) దానికి కాస్త కింద. యూ పెంచేకొద్దీ ఆ తేడా 4టీ²/యూకి దగ్గరవుతుంది. 1959లో భౌతిక శాస్త్రవేత్త ఆండర్సన్ వివరించిన సూపర్ఎక్స్ఛేంజ్ (పక్కపక్క స్పిన్లు ఎదురెదురు దిశల్లో ఉండేలా చేసే ప్రభావం) ఇదే. యూ = 40 పెట్టి చూడండి, 0.0998 వస్తుంది. అది వచ్చాకే నాలుగు సైట్లకి వెళ్లండి.