మెడ ధమని స్కాన్: అంకె తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

కరోటిడ్ స్కాన్ చేసే టెక్నీషియన్లకూ, కొత్తగా ప్రోబ్ పట్టుకున్న పీజీలకూ ఇది.

పోయిన నెల బీటా 6, ఈ నెల 9

బీటా అంటే ధమని ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె. నెల రోజుల్లో ధమని అంతగా బిగుసుకుపోదు. ముందు బిపి ఎప్పుడు చూశారో అడగండి. బీటా లెక్కలో ధమని ఎంత సాగిందన్నది మన ప్రోబ్ చెబుతుంది, ప్రెషర్ మాత్రం బయటి నుంచి రావాలి. ధమని వ్యాసం 6 మి.మీ., గుండె కొట్టుకున్నప్పుడు సాగేది 0.4 మి.మీ. అనుకోండి. 120/80తో బీటా సుమారు 6.1 వస్తుంది. అదే మనిషి మెట్లెక్కి టెన్షన్‌గా వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర రాసిన 150/80 వేస్తే 9.4. ధమని మారలేదు, చీటీ మీది అంకె మారింది. పది నిమిషాలు పడుకోబెట్టి, స్కాన్ బల్ల మీదే బిపి చూడండి. మూడు గంటల ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

బిపి సరిగ్గానే ఉంటే మన చేతిని చూసుకోవాలి. ప్రోబ్ అడ్డంగా పెట్టి, ధమని పక్కనున్న జుగులర్ సిరను గమనించండి. పడుకున్న మనిషిలో అది అణిగి గీతలా కనిపిస్తే చాలావరకు మనం నొక్కేస్తున్నట్టే. ధమనికి సాగే చోటు ఉండదు. 0.4 కాస్తా 0.3 అయితే బీటా 8 దాటుతుంది. జెల్ ఎక్కువ వేసి, సిర తెరుచుకునేదాకా చెయ్యి తేలిక చేయండి. ‘మీ రక్తనాళం గట్టిపడింది’ అన్న మాట ఇంటికి మోసుకెళ్లేది ఆ మనిషి. అందుకే ఈ రెండూ చూడకుండా రిపోర్టు ఇవ్వడం నాకు మనసొప్పదు.

ధమని గోడ మందం చూపే రెండు గీతలు అలుక్కుపోయాయి

కిరణం గోడకు నిటారుగా తగలడం లేదు, లేదా గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే సెట్టింగ్) ఎక్కువైంది. ప్రోబ్ కొద్దిగా వాల్చి చూడండి. మందం కొలవాల్సింది దూరపు గోడ మీద, ధమని ఉబ్బే చోటుకు 1 సెం.మీ. కింద, అదీ గుండె వ్యాకోచం చివర్లో. దగ్గరి గోడ కొలతను నమ్మలేం.

నాళం సన్నబడలేదు, రక్తం వేగం మాత్రం సెకనుకు 125 సెం.మీ. దాటింది

వేగం లెక్కకు తెర మీద పెట్టే కోణం గీత రక్తం పారే దారికి సమాంతరంగా ఉందా? అసలు కోణం 65 డిగ్రీలు ఉన్న చోట 70 పెడితే వేగం దాదాపు నాలుగో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే అసలు కోణమే 60 దాటకుండా చూసుకోండి. కోణం సరిగ్గా ఉన్నా వేగం తగ్గకపోతే రెండో వైపు ధమని చూడండి. అటు మూసుకుపోతే ఇటు ప్రవాహం పెరుగుతుంది.

లోపలి కరోటిడ్‌లో (మెదడుకు వెళ్లే కొమ్మ) రక్త ప్రవాహం చూపే రంగే రాలేదు

మూసుకుపోయిందని వెంటనే రాయకండి. స్కేల్ (చూపే వేగాల హద్దు), వాల్ ఫిల్టర్ (నెమ్మది ప్రవాహాన్ని వడగట్టేసేది) తగ్గించి, బలహీన ప్రవాహాన్నీ పట్టే పవర్ డాప్లర్ పెట్టండి. సన్నని ధార మిగిలి ఉంటే అప్పుడు బయటపడవచ్చు. గోడలో సున్నం (కాల్షియం) పేరుకుని నీడ పడుతుంటే మెడ వెనక వైపు నుంచి ప్రయత్నించండి. అప్పటికీ తేలకపోతే ‘స్కాన్‌లో ప్రవాహం కనిపించలేదు, సీటీ యాంజియో అవసరం’ అని రాసి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.