బిడ్డ కోసం పాలు మానేస్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

మా పాపకి అయిదో వారం. డైపర్ విప్పితే పసుప్పచ్చ మోషన్‌లో కొంచెం జిగట, అందులో ఎర్ర దారప్పోగులా సన్నటి నెత్తుటి చార. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ సాయంత్రానికల్లా నా కంచంలోంచి పప్పు పోయింది, గుడ్డు పోయింది, వంకాయ పోయింది, పాలూ పెరుగూ పోయాయి. మూడు రోజులు చారన్నం, వెల్లుల్లి కారంతో నెట్టుకొచ్చాను. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతే కళ్ళు తిరిగాయి. చార మాత్రం అలాగే ఉంది.

తల్లి తిండి మార్చి పాలు తాగే బిడ్డ అలర్జీని అదుపు చేయడం నిజంగా పనికొచ్చే పద్ధతే. కాకపోతే ఒక్క పదార్థాన్ని ఎంచుకుని, రోజులు లెక్కపెట్టుకుని చేయాలి. మా ఇంట్లో చేసినట్టు అన్నీ ఒకేసారి ఎత్తేస్తే ఏది పడలేదో తెలియదు, బాలింత నీరసపడిపోతుంది.

మొదట అది అలర్జీయేనా అన్నది తేల్చుకోవాలి. తల్లి తిన్న పాల పదార్థాల్లోని ప్రోటీన్ కొద్దిగా తల్లిపాలలోకి వస్తుంది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఆ ఆవు పాల ప్రోటీన్ పడనివాళ్ళు సుమారు 200 మందిలో ఒకరు. తాగిన ప్రతిసారీ పల్చగా మోషన్ అవడం, అప్పుడప్పుడు ఆకుపచ్చగా రావడం, పాలు కక్కడం, సాయంత్రాలు గుక్కపట్టి ఏడవడం తొలి రెండు మూడు నెలల్లో చాలామంది పిల్లలకి ఉండేవే. బరువు బాగా పెరుగుతుంటే వీటి కోసం తల్లి నోరు కట్టుకోనక్కర్లేదు. శనగపప్పు, క్యాబేజీ తింటే బిడ్డకి గ్యాస్ పడుతుందంటారు. తల్లి పేగుల్లోని గ్యాస్ పాలలోకి రాదు.

నెత్తురు కనిపించినా అలర్జీ ఒక్కటే కారణం కాదు. చనుమొన పగిలి ఉంటే బిడ్డ మింగిన తల్లి నెత్తురే మోషన్‌లో కనబడవచ్చు. మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉండవచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ పడని బిడ్డకైతే అది ప్రమాదం, ఆలస్యం చేయకూడదు. డైపర్‌ని ఫోన్‌లో ఫోటో తీసి పిల్లల డాక్టర్‌కి చూపించండి. మాటల్లో చెప్పేదానికన్నా అది ఎక్కువ చెబుతుంది. బిడ్డ హాయిగా తాగుతూ బరువు పెరుగుతూ, చార ఎప్పుడో ఒకసారి కనబడుతుంటే, కొన్నాళ్ళు చూద్దామని డాక్టర్ అనవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, కొందరిలో దానంతటదే పోతుంది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. ఆకుపచ్చ వాంతులు, ఆగకుండా వాంతులై బిడ్డ తెల్లగా పాలిపోయి వేలాడిపోవడం, ముఖం పెదాలు వాయడం, ఊపిరి కష్టం కావడం, ఎర్ర జెల్లీలాంటి మోషన్, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

డాక్టర్ పాలు మానమని చెబితే, ఆపేది మీరు తినే పాల పదార్థాలనే. బిడ్డకి మీ పాలు ఆపొద్దు. ఈ రెండూ కలిపేసుకుని డబ్బా పాలకి మారినవాళ్ళను చూశాను, చాలా బాధేస్తుంది. మామూలు డబ్బా పాలు ఆవు పాలతో చేసినవే. పడనిదాన్ని మీ ద్వారా వచ్చే చుక్కల్లో ఆపి, సీసాడు పోసినట్టవుతుంది. లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, లేని పాలు కొనుక్కోవడం కూడా దండగే. పడనిది ప్రోటీన్, లాక్టోజ్ కాదు. తల్లి ఏం తిన్నా మానినా తల్లిపాలలో లాక్టోజ్ ఉండనే ఉంటుంది. గేదె పాలకీ మేక పాలకీ మారినా లాభం లేదు, వాటి ప్రోటీన్లు ఆవు పాలవాటికి దగ్గరి చుట్టాలు.

మొదలుపెట్టే ముందు రోజు వంటగదిలో నిలబడి ఒక్కో డబ్బా తీసి చూడండి. మన వంటల్లో పాలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో అప్పుడు తెలుస్తుంది. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, జున్ను, కోవా అందరికీ గుర్తుంటాయి. చల్ల మిరపకాయలు ఎవరికీ గుర్తుండవు. వాటిని ఊరబెట్టేది మజ్జిగలోనే కదా! బిర్యానీ ముక్కలకి పట్టించేది పెరుగు. బాలింతల కోసం చేసే డ్రై ఫ్రూట్ లడ్డూలకీ కాయానికీ నెయ్యి పోస్తారు. గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి సరేసరి. బ్రెడ్, రస్కులు, బిస్కెట్లు, చాక్లెట్లు, మాల్ట్ పొడుల ప్యాకెట్లు తిప్పి వెనక అక్షరాలు చదవండి. మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, బటర్ అని ఉంటే అందులో పాలున్నట్టే. ప్యాకెట్లలో పాలు ఉంటే విడిగా ప్రకటించాలని మన ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది కాబట్టి, పదార్థాల జాబితా కిందే 'కంటెయిన్స్ మిల్క్' అన్న మాట కోసం వెతకండి.

నెయ్యి దగ్గరే ఇళ్ళల్లో గొడవ వస్తుంది. నెయ్యి ఎంత కాచినా కొద్దిపాటి ప్రోటీన్ మిగిలే ఉండవచ్చు, అందుకని పరీక్ష చేసే ఆ కొన్ని వారాలూ అదీ వద్దు. మా అత్తయ్య పప్పన్నంలో కలిపి పెట్టేసేది. "ఒక్క చెంచాకి ఏమవుతుందమ్మా, పచ్చి బాలింతవి, నడుం నిలబడొద్దూ" అనేది. ఆవిడది ప్రేమే. కోప్పడకుండా క్యాలెండర్ మీద మొదలుపెట్టిన రోజుకీ పూర్తయ్యే రోజుకీ సున్నా చుట్టి చూపించాను. "ఆ రోజు దాకా ఆగండత్తయ్యా, మధ్యలో తింటే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి" అన్నాను. ఆ తర్వాత పక్కింటివాళ్ళు పాయసం తెస్తే గుమ్మంలోనే ఆపింది ఆవిడే.

ఎన్నాళ్ళు? సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. మీ పాలలోకి వచ్చే ఆవు పాల ప్రోటీన్ కొద్దిరోజుల్లోనే తగ్గిపోతుంది, బిడ్డ పేగు మానడానికి ఇంకాస్త టైమ్ కావాలి. కొందరిలో మూడు నాలుగు రోజులకే మార్పు కనిపిస్తుంది. కనిపించలేదని అయిదో రోజున గుడ్డు, ఏడో రోజున వేరుశనగలు మానేయకండి. నాలుగు వారాలైనా ఫలితం లేకపోతే మళ్ళీ పాలు తాగడం మొదలుపెట్టి డాక్టర్‌తో మాట్లాడండి. సోయా, గుడ్డు లాంటివి తర్వాత చూడాల్సినవి, అవీ ఒక్కొక్కటిగానే. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, మీరు తిన్నది, మోషన్ ఎలా ఉంది, నిద్ర. నిద్రలేని కళ్ళతో నిన్న ఏం తిన్నామో గుర్తుండదు.

చార తగ్గిందా? చాలామంది అక్కడే ఆగిపోతారు. మళ్ళీ పాలు తిని చూడకుండా అలర్జీ అని ఖాయం చేయలేం, ఎందుకంటే దానంతటదే తగ్గి ఉండవచ్చు. డాక్టర్ సరేనంటే ఒక వారం మామూలుగా పాలూ పెరుగూ తీసుకోండి. చార తిరిగి వస్తే అప్పుడు ఖాయం. రాకపోతే ఊరికే నెలల తరబడి కడుపు మాడ్చుకునే బాధ తప్పుతుంది. బిడ్డకి దద్దుర్లు, వాపు, ఊపిరి ఇబ్బంది, భారీ వాంతుల్లాంటివి వచ్చి ఉంటే మాత్రం ఈ తిరిగి తినడం ఇంట్లో చేయకూడదు.

ఖాయమైతే మళ్ళీ పాలు మానాలి, అది నెలల పని, కాబట్టి మీ ఎముకల సంగతి ఇప్పుడే చూసుకోవాలి. పాలిచ్చే తల్లికి రోజుకి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. రాగి సంగటి, నీళ్ళతో కాచిన రాగి జావ, అన్నంలో నువ్వుల పొడి, మునగాకు పప్పు, ముల్లుతో సహా నమిలే మెత్తళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నవే. అయినా వీటితో మాత్రమే లెక్క సరిపెట్టడం కష్టం. కాన్పయ్యాక ఆరు నెలల దాకా రోజుకి రెండు కాల్షియం మాత్రలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఇస్తారు, వాటిని అల్మరాలో పెట్టి మర్చిపోకండి. ఐరన్ మాత్రతో కలిపి మింగకుండా మధ్య రెండు గంటలు ఎడం ఇవ్వండి. పప్పు, గుడ్డు, చేప, మాంసం కంచంలో ఉండాలి. పత్యమనో అలర్జీ అనో అవి తీసేస్తే ఊరుకోకండి.

కడుపుతో ఉన్నప్పటి నుంచే ముందుజాగ్రత్తగా పాలు, వేరుశనగలు మానేస్తే పుట్టబోయే బిడ్డకి అలర్జీ రాదనుకునేవాళ్ళున్నారు. అలా మానమని వైద్యులు చెప్పడం లేదు. బిడ్డకి ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయ్యాక కూడా గుడ్డు, మెత్తగా నూరిన వేరుశనగ ముద్ద లాంటివి అదేపనిగా వాయిదా వేయడం మంచిది కాదు. 2015లో వచ్చిన లీప్ అనే బ్రిటన్ అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకి వేరుశనగ ముందే అలవాటు చేస్తే ఆ అలర్జీ బాగా తగ్గిందని తేలింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డకైతే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. వేరుశనగ గింజలు మాత్రం చిన్నపిల్లలకి పెట్టకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

ఇలాంటి చారల అలర్జీ చాలామంది పిల్లలకి ఏడాది నిండేసరికి పోతుంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య మళ్ళీ ప్రయత్నించమని డాక్టర్ చెబుతారు. మా పాపకి పదకొండో నెలలో పాలు కలిసిన బిస్కెట్‌లో చిటికెడు ముక్కతో మొదలుపెట్టాం. పొద్దున పూట, ఇంట్లో ఇద్దరం ఉన్నప్పుడు. జలుబు, జ్వరం ఉన్న రోజు, టీకా వేయించిన వారం ఆ పని పెట్టుకోలేదు, లేకపోతే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. పెరుగన్నం దాకా వెళ్ళడానికి మాకు రెండు నెలలు పట్టింది.