కారులో కాశీకి: అత్తయ్య మోకాళ్ళను బట్టి వేసుకున్న ప్లాను

కారులోనే కాశీ వెళ్దామని ఇంట్లో అనుకున్న రోజు మా ఆయన ఫోన్లో మ్యాపు తెరిచారు, పిల్లలు కిటికీ సీటు కోసం కొట్టుకున్నారు. అత్తయ్య మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి ఒక్కటే అడిగారు: "అమ్మాయ్, దారిలో బాత్రూంకి ఎక్కడ ఆపుతారు?"

ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. షుగరు, మోకాళ్ళ నొప్పులు. అంతకు ముందు తిరుపతి వెళ్ళినప్పుడు మాటిమాటికీ ఆపమనడానికి మొహమాటపడి, పొద్దుట్నుంచీ మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్నారు. సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోయారు. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు. అప్పట్నుంచీ దూర ప్రయాణమంటే నాకు ఒకటే లెక్క. బండిలో అందరికంటే ఓపిక తక్కువున్న మనిషి ఎవరో చూసి, ఆ మనిషిని బట్టి ప్లాను వేస్తాను. మిగతా అందరూ ఆ ప్లానులో హాయిగా ఇమిడిపోతారు.

2024 నవంబరులో, కార్తీక పౌర్ణమి వెళ్ళాక బయల్దేరాం. కూకట్‌పల్లి నుంచి ఏడు సీట్ల బండిలో ఆరుగురం: అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ బాబు. స్టీరింగు మా ఆయనా నేనూ మార్చుకుంటూ నడిపాం.

ముందుగా ఏ నెలలో వెళ్ళాలో చెప్తాను. డిసెంబరు చివర, జనవరిలో ఉత్తరప్రదేశ్‌లో పొగమంచు చాలా దట్టంగా పడుతుంది. పొద్దున తొమ్మిదైనా ముందున్న లారీ కనపడని రోజులుంటాయి. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి కాబట్టి చాలామంది ఆ పొరపాటు చేస్తారు. ఏప్రిల్, మే ఎండలు పెద్దవాళ్ళు తట్టుకోలేరు. కార్తీక పౌర్ణమి రోజు కాశీలో దేవ్ దీపావళి, ఘాట్లన్నీ దీపాలతో నిండిపోతాయి, చూడ్డానికి ఎంత బావుంటుందో గదులు దొరకడం అంత కష్టం. అందుకే నవంబరు రెండో సగం గానీ ఫిబ్రవరి గానీ పెట్టుకోండి. పిల్లల స్కూల్లో ముందే చెప్పి సెలవు తీసుకున్నాం, మొత్తం పది రోజులు.

దారి చెప్తాను. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా వెళ్ళి, పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. పాండర్‌కవడ, హింగన్‌ఘాట్ దాటి నాగపూర్. సుమారు 500 కిలోమీటర్లు, రోడ్డు బావుంటుంది, మొదటి రోజు అందరికీ ఉత్సాహం ఉంటుంది కాబట్టి ఇది ఒక రోజులో అయిపోతుంది. రెండో రోజు నాగపూర్ నుంచి పెంచ్ అడవి, సివనీ, లఖ్నాదౌన్ మీదుగా జబల్పూర్, 270 దాకా. మూడో రోజు కట్ని, మైహర్, రీవా మీదుగా ప్రయాగ్‌రాజ్, 370 దాకా. నాలుగో రోజు పొద్దున త్రివేణి సంగమంలో స్నానం చేసి, మధ్యాహ్నం బయల్దేరితే 120 కిలోమీటర్లలో కాశీ. ప్రయాగ వద్దనుకుంటే రీవా నుంచి మీర్జాపూర్ మీదుగా నేరుగా పోవచ్చు, కాస్త దగ్గర.

రెండో రోజు తక్కువ పెట్టడానికి కారణం ఉంది. మొదటి రోజు అలసట రెండో రోజు పొద్దున బయటపడుతుంది. అత్తయ్య కాళ్ళు వాచి ఉన్నాయి, బాబు అన్నం వద్దన్నాడు. ఆ రోజు కూడా 500 పెట్టుకుని ఉంటే ఇంటికి తిరిగొచ్చేసేవాళ్ళమేమో. మధ్యాహ్నానికే జబల్పూర్ చేరి, సాయంత్రం భేడాఘాట్‌లో ధువాంధార్ జలపాతం చూపించాం. నర్మద నీళ్ళు కింద పడి పొగలా పైకి లేస్తుంటే, కాళ్ళ నొప్పులన్నీ మర్చిపోయి ఆ తుంపర్లలో నిలబడ్డారావిడ.

ఆగే పుస్తకం

ఇది మా ఇంట్లో పెట్టుకున్న పేరు. రెండు వందల పేజీల మామూలు నోటు పుస్తకం. బయల్దేరడానికి వారం ముందు మ్యాపు చూసుకుంటూ ప్రతి ఎనభై, తొంభై కిలోమీటర్లకి ఆగే చోటు ఒకటి, అది నచ్చకపోతే ఇంకొకటి రాసుకున్నాను. పెద్ద పెట్రోలు బంకులు, కుటుంబాలు ఆగే ధాబాలు. ఫోటోల్లో బాత్రూం ఎలా ఉందో, వెస్టర్న్ ఉందో లేదో చూసి పక్కన టిక్కు పెట్టాను. మా అమ్మాయికి పుస్తకం అప్పగించాం. ఆగినప్పుడల్లా టైము, కిలోమీటరు రీడింగు, బాత్రూంకి పదికి ఎన్ని మార్కులో రాసేది. ఆగాలా అని ఎవరినీ అడగం. గంటన్నర అయిందంటే ఆగడమే, ఎవరికీ అవసరం లేకపోయినా సరే. అడిగే పని లేకుండా పోయేసరికి అత్తయ్య నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. ఆగిన చోట కాఫీ తాగినా తాగకపోయినా అందరం ఐదు నిమిషాలు నడవాలి, కాళ్ళ వాపు దానికే తగ్గింది.

ఈ పుస్తకంలో మొదటి పేజీలోనే సూర్యాస్తమయం టైములు రాసుకోండి. తూర్పుకి వెళ్ళేకొద్దీ పొద్దు తొందరగా గూకుతుంది. నవంబరులో నాగపూర్‌లో ఐదున్నరకి అస్తమిస్తే కాశీలో ఐదుంబావుకే చీకటి పడిపోతుంది. ఇంట్లో అలవాటైన సాయంత్రం లెక్క అక్కడ పనిచెయ్యదు. మేము రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి బండి తీసి, నాలుగున్నరకల్లా గదిలో ఉండాలని పెట్టుకున్నాం. చీకటిపడ్డాక హైవే మీద నడపం, అంతే. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మధ్య పడుకున్న ఆవులు, ఇవి ఎంత మంచి డ్రైవరుకైనా ఆఖరి క్షణం దాకా కనపడవు. పగలు కూడా నాలుగు లైన్ల రోడ్డు కదా అని ధీమా వద్దు. మేము వచ్చిన మూడు నెలలకి, 2025 ఫిబ్రవరి 11న, మహా కుంభమేళా నుంచి తిరిగొస్తున్న మన హైదరాబాదు వాళ్ళు ఏడుగురు జబల్పూర్ దగ్గర సిహోరాలో పోయారు. రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ వాళ్ళ మినీ బస్సుని ఢీకొట్టింది. మేము ఆనందంగా పాటలు పెట్టుకుని వెళ్ళిన రోడ్డు అది. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. కాబట్టి కుడి చేతి లైను ఓవర్‌టేక్ చెయ్యడానికే వాడండి, వెంటనే ఎడమకి వచ్చెయ్యండి. వెనక సీట్లో వాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే. అత్తయ్యకి బెల్టు మెడకి ఒరుసుకుంటోందంటే మెత్తటి తువ్వాలు చుట్టాం.

బండి

సర్వీసు ప్రయాణానికి రెండు వారాల ముందు చేయించండి, ముందు రోజు మాత్రం వద్దు. అరుణాచలం వెళ్ళినప్పుడు మేము సర్వీసు చేయించిన మర్నాడే బయల్దేరాం. కర్నూలు దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మొదలైంది. బానెట్ తీస్తే కూలెంట్ పైపు దగ్గర క్లిప్పు సరిగ్గా బిగించలేదు, చుక్కచుక్కగా కారిపోయింది. రోడ్డు పక్కన ఎండలో రెండు గంటలు నిలబడ్డాం, చంటివాడితో. ఈసారి సర్వీసు అయ్యాక యాదగిరిగుట్టకి ఒకసారి వెళ్ళొచ్చాం. ఏదైనా వదులుగా ఉంటే ఆ రానుపోను దూరంలోనే తెలిసిపోతుంది.

టైర్లు మీరే చూసుకోండి. టైరు పక్కన గుడ్డులాంటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చెయ్యాలి, ఇంత దూరానికైతే అంతకు ముందే మార్చడం మంచిది. డ్రైవరు డోరు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరుంటుంది, దాంట్లో ఫుల్ లోడుకి గాలి ఎంతో వేరుగా రాసి ఉంటుంది. ఆరుగురు, సామాన్లు ఉన్నప్పుడు ఆ అంకె చూసి కొట్టించాలి, అదీ పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు. స్టెప్నీలో గాలి కూడా చూడండి. ఇంటి ముందే ఒకసారి జాకీ పెట్టి టైరు విప్పి బిగించి చూసుకోండి. నేను చేసి చూశాను, మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది.

డీజిలు లెక్క తేలికే. దారి 1,260 కిలోమీటర్లు, మా బండి లీటరుకి పద్నాలుగు ఇస్తుంది, అంటే వెళ్ళడానికి తొంభై లీటర్లు. ఊళ్ళో తిరగడానికి, ఏసీకి ఇంకో పదిహేను కలిపాం. టోలు ఎంతవుతుందో జాతీయ రహదారుల వాళ్ళ రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో చూసుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది: మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. సొంత కార్లకే, జాతీయ రహదారుల టోళ్ళకే. తరచూ ఊళ్ళు తిరిగే వాళ్ళయితే తీసుకోండి. రోడ్డు మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చెయ్యాలి. ఈ నంబరు బండి నడపని వాళ్ళకి కూడా నోటికి రావాలి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెంచ్ అడవిలో మాకు అక్కడక్కడా సిగ్నల్ పోయింది. ఆ అడవిలో రోడ్డుని కొన్ని చోట్ల ఎత్తు మీద కట్టారు, కింద నుంచి జంతువులు దాటి పోవడానికి. పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పామేమో, పులి కోసం కిటికీకి అతుక్కుపోయి ఫోన్ ముట్టుకోలేదు.

మందులు, తిండి

ఇన్సులిన్ సంగతి జాగ్రత్త. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, ఇన్సులిన్ పెన్నుల్ని చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా చుట్టూ నూలు గుడ్డ చుట్టి దింపాను. ఐసు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడుతున్న పెన్ను చల్లగా ఉండక్కర్లేదు గానీ, ఆపిన బండిలో వదిలెయ్యకూడదు, ఎండకి లోపల ఉడికిపోతుంది. అది అత్తయ్య చేతి సంచిలోనే ఉండేది. ఐసు రోజూ సాయంత్రం హోటల్లో అడిగి మార్చుకున్నాం. మందుల చీటీ ఫోటో మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది.

బాబుకి వాంతులు. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో వాడికి గ్యారంటీ. అక్కడికి ముందే వాణ్ణి మధ్య వరసలోకి మార్చి, కిటికీ కొంచెం దించి, దూరంగా కనిపించే కొండని చూడమన్నాం. కడుపు నిండా పాలు పట్టకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టాం. ఈసారి ఒక్క నిమ్మకాయ వాసనతో గట్టెక్కాం.

మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి కూడా అదే నిలవుంటుంది. తర్వాత ఉత్తరాది తిండి మామయ్యకి రెండు పూటలకే మొహం మొత్తింది. చిన్న కరెంటు కుక్కరు, రెండు కిలోల బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్ళండి, గదిలో కుక్కరు పెట్టుకోవచ్చో లేదో ముందే అడగండి. మధ్యప్రదేశ్‌లో పొద్దున వేడివేడిగా దొరికే పోహా మాత్రం వదలకండి. నాగపూర్ కమలాలు ఒక బుట్ట కొన్నాం, కాశీ దాకా వచ్చాయి.

గదులు బుక్ చేసేటప్పుడు యాప్‌లో రాసింది నమ్మి ఊరుకోకండి. ప్రయాగ్‌రాజ్‌లో పార్కింగ్ ఉందని రాసిన ఒక హోటలుకి వెళ్తే, బండి పట్టని సందు, పార్కింగ్ అంటే అర కిలోమీటరు అవతల ఖాళీ స్థలం. అత్తయ్యని నడిపించలేక వేరే చోటు వెతుక్కున్నాం, కట్టిన డబ్బు పోయింది. ఫోన్ చేసి లిఫ్టు ఉందా, వెస్టర్న్ బాత్రూం ఉందా, బండి గేటు లోపల పెట్టుకోవచ్చా, తెల్లవారుజామున గేటు తీస్తారా అని నోటితో అడిగించుకోండి. దారిలో ఒక్క రాత్రి ఉండే చోట్లకి అందరి బట్టలూ ఒకే సంచిలో పెట్టి డిక్కీలో పైన ఉంచితే, మిగతా సామాను దించే పనే ఉండదు.

మైహర్ శారదాదేవి గుడికి 1,063 మెట్లున్నాయి, అయితే రోప్‌వే ఉంది. అత్తయ్య దాంట్లోనే పైకి వెళ్ళారు. ప్రయాగకి ముందు రెండు గంటలు అక్కడ ఖర్చుపెట్టడం వల్ల సాయంత్రం టైము బిగుసుకుపోయింది. మళ్ళీ వెళ్తే ఆ రాత్రి మైహర్‌లోనే ఉంటాం.

కాశీలో బండి ఊరి అంచున బస దగ్గర పెట్టేసి మూడు రోజులు తాళం ముట్టలేదు. పాత ఊరి సందుల్లోకి కారు పోదు, ఈ-రిక్షా, ఆ తర్వాత నడక. కేదార్ ఘాట్ వైపు తెలుగు బాగా వినిపిస్తుంది, ఆంధ్రా ఆశ్రమం కూడా అక్కడికి దగ్గరే. అత్తయ్య మెట్లు దిగలేరు కాబట్టి పడవవాడితో ముందే మాట్లాడి, మెట్లు తక్కువున్న ఘాటు దగ్గర ఎక్కించుకోమన్నాం.

తిరుగు ప్రయాణం కూడా తీరిగ్గానే పెట్టుకోండి, ఇంటి మీద గాలి మళ్ళి అందరూ "ఇంకొంచెం పోదాం" అంటారు. మేము రీవా, నాగపూర్‌లలో గదులు ముందే డబ్బు కట్టి బుక్ చేశాం, ఆ డబ్బు పోతుందన్న భయంతోనైనా సాయంత్రం ఆగాం. గంగాజలం క్యానుల మూతలకి మైనం పెట్టించి, నిలువుగా తాడుతో కట్టండి. ఆగే పుస్తకం ఇప్పుడు అత్తయ్య బీరువాలో ఉంది. వెనక పేజీలో మా అమ్మాయి చేత ఆవిడ రాయించారు: రామేశ్వరం, ఫిబ్రవరి, ప్రతి ఎనభై కిలోమీటర్లకి.