కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారే ముందు: ఎప్పుడు ఆపాలో ముందే తేల్చుకోండి

పాత వ్యవస్థను పక్కనపెట్టి కొత్త ఈఆర్‌పీకో (కొనుగోళ్లు, సరుకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), కొత్త పే రోల్‌కో (జీతాల లెక్క సాఫ్ట్‌వేర్) మారే వారాంతం ఏ సంస్థకైనా గండమే. అప్పుడు తేడా వస్తే జీతాలు ఆగుతాయి, సరుకు గోదాము దాటదు, బిల్లులు బయటికి వెళ్లవు. కానీ ఆ తప్పుల్లో చాలావాటికి బీజం పడేది నెలల ముందు, మామూలు సమావేశాల్లో. మారే రాత్రి మెలకువగా కూర్చుని సరిదిద్దగలిగేది చాలా తక్కువ.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, ఏ పరిస్థితిలో వాయిదా వేస్తామో కాగితం మీద పెట్టడం. తేదీ దగ్గరపడేకొద్దీ ‘వద్దు’ అనగలిగేవాళ్లు తగ్గిపోతారు. వెండర్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి, రావలసిన సొమ్ము ఆ తేదీతో ముడిపడి ఉంటుంది. పై అధికారి అప్పటికే బోర్డుకు మాట ఇచ్చి ఉంటారు. కింద పనిచేసేవాళ్లకు లోపాలు తెలిసినా, చెబితే తమ మీదికే వస్తుందని ఊరుకుంటారు. అందుకే అందరూ నిబ్బరంగా ఉన్నప్పుడే, కనీసం రెండు నెలల ముందు, షరతులు రాసుకోవాలి. ‘టెస్టింగ్ సంతృప్తికరంగా ఉండాలి’ అన్నది షరతు కాదు. ‘వరుసగా రెండు నెలల జీతాల లెక్క పాత వ్యవస్థ లెక్కతో చివరి అంకె వరకు సరిపోవాలి, తేడా వచ్చిన ప్రతి ఉద్యోగి విషయంలో కారణం రాసి ఉండాలి’ అన్నది షరతు. ఆపే అధికారం ఎవరిదో కూడా పేరుతో సహా రాయండి. ఆ తేదీకి పని పూర్తయితే బహుమానం అందుకునే మనిషికి మాత్రం ఆ అధికారం ఇవ్వకండి.

ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో కెనడా ప్రభుత్వ జీతాల వ్యవస్థ ఫీనిక్స్ చూపించింది. కేటాయించిన బడ్జెట్‌లో ఇమడదని తెలిశాక జీతాల లెక్కకు కావలసిన కొన్ని సౌకర్యాలను తీసేశారు. ఒక శాఖలో ముందుగా నడిపి చూడాలనుకున్న పైలట్‌ను 2015లో రద్దు చేశారు. అయినా 2016 ఫిబ్రవరిలో వ్యవస్థను మొదలుపెట్టేశారు. వేలాది ఉద్యోగుల్లో కొందరికి జీతం తక్కువ వచ్చింది, కొందరికి ఎక్కువ వచ్చింది, కొందరికి అసలు రాలేదు. ఇల్లు గడవడానికి ఆ జీతం మీదే ఆధారపడినవాళ్లు ఇందులో ఉన్నారు. కాబట్టి మీ ప్రాజెక్టులో ఏదైనా సౌకర్యాన్ని ‘రెండో దశలో చేద్దాం’ అని తీసేస్తుంటే అక్కడే ఒక ప్రశ్న వేయండి: ఈలోగా ఆ పని చేత్తో ఎవరు చేస్తారు, రోజుకు ఎన్ని చేయగలరు? జవాబుగా ఒక మనిషి పేరు రాకపోతే ఆ సౌకర్యాన్ని తీసేయడానికి ఒప్పుకోకండి.

తేదీని ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ కన్నా వ్యాపారపు రద్దీని చూడండి. అమెరికా చాక్లెట్ కంపెనీ హర్షీ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారే 48 నెలల పనిని 30 నెలలకు కుదించింది. ఏప్రిల్‌లో పూర్తి కావలసింది జారి 1999 జులైకి వచ్చింది. అంటే చాక్లెట్లు, మిఠాయిలు బాగా అమ్ముడుపోయే అక్టోబరు చివరి హాలోవీన్ పండుగకు దుకాణాలనుంచి ఆర్డర్లు వచ్చే వేళకే. సరుకు తమ దగ్గర ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను కంపెనీ పంపలేకపోయింది. తేదీ కొంచెం జారితే సర్దుకోవచ్చు. రద్దీ కాలంలోకి జారేట్టయితే ఆ సీజను దాటేదాకా ఆగడమే మేలు.

ఇక డేటా. అసలు ప్రమాదం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది, శ్రద్ధ మాత్రం తక్కువగా దొరుకుతుంది. ఒకే కస్టమరు మూడు పేర్లతో ఉంటాడు. ఒక చోట పెట్టెల్లో లెక్కించిన సరుకు ఇంకో చోట విడి ముక్కల్లో ఉంటుంది. ఎప్పుడో మూతపడిన సరఫరాదారులు జాబితాలో సజీవంగా ఉంటారు. పాత వ్యవస్థలో ఈ చిక్కులన్నీ అనుభవమున్న గుమాస్తాల బుర్రలో సర్దుకుపోతాయి. కొత్తది వాటిని ఉన్నవి ఉన్నట్టు నమ్ముతుంది. అందుకే శుభ్రం చేసే పనిని ఐటీ విభాగానికి వదిలేయకుండా ఆ డేటాతో రోజూ పనిచేసే విభాగాలకే అప్పగించాలి. పూర్తి పరిమాణంతో డేటా తరలింపును కనీసం మూడుసార్లు రిహార్సల్ చేయాలి, ప్రతిసారీ ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవాలి. వారాంతంలో పట్టని పని అని తెలియాల్సింది అప్పుడే. ఎన్ని రికార్డులు వెళ్లాయి, ఎన్ని చేరాయి అన్న లెక్క ఒక్కటే చాలదు. లెడ్జరు నిల్వలు, సరుకు విలువ, వసూలు కావలసిన బాకీలు ఎన్ని రోజులనాటివి అన్న విభజన, ఇవన్నీ రెండు వైపులా సరిపోయాయని అకౌంట్స్ విభాగమే సంతకం చేయాలి.

టెస్టింగ్ ఎక్కడ జరుగుతోందో కూడా అడగండి. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారులను ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు మార్చింది. ఆ వ్యవస్థ నడవాల్సింది రెండు డేటా సెంటర్లలో (సర్వర్లు ఉండే కేంద్రాల్లో). భారాన్ని తట్టుకుంటుందో లేదో చూసింది ఒక్కదానిలోనే. లక్షలాది మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. వెండర్ ‘మేము సిద్ధం’ అని రాసిచ్చిన ఉత్తరం మీకు రక్షణ కాదు. ఏ పరీక్ష, ఏ యంత్రాల మీద, ఎంత భారంతో చేశారో చూపించమనండి.

వెనక్కి వచ్చే దారిని కూడా నడిచి చూడాలి. నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థ 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ పెట్టింది. మిగిలిన ఒక్కదానిలో పాత కోడ్ మేల్కొని అడ్డూఅదుపూ లేకుండా ఆర్డర్లు పంపింది. కంగారులో ఇంజనీర్లు మిగతా ఏడింటినుంచి కూడా కొత్త కోడ్ తీసేశారు, దాంతో వాటిలోనూ పాత కోడే నడిచి నష్టం ఇంకా పెరిగింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. రోల్‌బ్యాక్‌ను, అంటే పాత వ్యవస్థకు వెనక్కి రావడాన్ని, కనీసం ఒకసారి నిజంగా చేసి చూడండి. ఏ గంట దాటాక వెనక్కి రావడం అసాధ్యమో మారే రాత్రి పనుల పట్టికలో గుర్తుపెట్టండి. ఆ గంటకు ముందే ఆపే అధికారి షరతుల కాగితం చూసి అవునో కాదో చెప్పాలి.

మీరింకా కొనే దశలోనే ఉంటే ఒక్క మాట. డెమో మీ డేటాతో, మీ చిక్కు లావాదేవీలతో జరగాలి: పాక్షికంగా తిరిగొచ్చిన సరుకు, నెల మధ్యలో బదిలీ అయిన ఉద్యోగి లాంటివి. కొనే సాఫ్ట్‌వేర్‌ను మీ అలవాట్లకు తగ్గట్టు ఎడాపెడా మార్పించుకోకండి. ప్రతి మార్పుకూ తర్వాత ప్రతి అప్‌గ్రేడులోనూ ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

శిక్షణ చివరి మూడు వారాల్లోనే ఉండాలి, ముందుగా ఇస్తే మరిచిపోతారు. ప్రతి విభాగంలోనూ పక్కవాళ్లకు చెప్పగలిగే ఒకరిని తయారుచేయండి. మారిన వెంటనే ప్రాజెక్టు బృందాన్ని చెదరగొట్టకండి. కన్సల్టెంట్ల ఒప్పందం తొలి నెలాఖరు లెక్కల ముగింపు దాటేదాకా, వీలైతే తొలి త్రైమాసికం దాకా ఉండాలి. పాత వ్యవస్థను చదవడానికి మాత్రమే వీలుండేలా ఏడాది పాటు నడపండి, ఆడిటర్లు అడిగినప్పుడు చూపాల్సింది అందులోనే ఉంటుంది.